సంస్థ వాళ్లు రిజిస్టర్లు చూపించడం లేదంటే

ఎమ్మెస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ) ప్రాజెక్టు కోసం నెల్లూరు దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి వాళ్ల సాయంత్రం బడుల మీద మూల్యాంకనం చేస్తున్నానని, మొదట సరేనన్నవాళ్లే ఇప్పుడు రిజిస్టర్లు అడిగితే "రేపు రండి" అంటున్నారని రాశారు. వాళ్ల మీద కోపం తెచ్చుకునే ముందు నేను చేసిన తప్పు వినండి.

కొన్నేళ్ల క్రితం మన జిల్లా తీర మండలం ఒకదానిలో ఒక సంస్థ ఎస్టీ కాలనీల్లో ట్యూషన్ సెంటర్లు నడిపేది. ఆ వైపు ఎస్టీ కాలనీ అంటే చాలావరకు యానాదులే. ఒక సెంటర్లో రిజిస్టర్ ప్రకారం 25 మందికి 22 మంది హాజరు. చాప మీద కూర్చున్నవాళ్లను లెక్కపెడితే 9 మంది. నెల మొత్తం టిక్కులు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టినట్టున్నాయి. టీచరమ్మను అడిగితే కాసేపు రిజిస్టర్ అంచులు సర్దుతూ కూర్చుంది. "గుంటల కాపలాకి పోయినారు సార్, పిల్లోళ్లని కూడా తీసకపోయినారు. 20కి తగ్గితే సెంటర్ ఎత్తేస్తామన్నారు, నేనేం చేసేది?" అంది.

రొయ్యల గుంట గట్టు మీద గుడిసె వేసుకుంటే రొయ్యల పట్టుబడి అయ్యేదాకా, అంటే పెరిగిన రొయ్యల్ని పట్టేదాకా, ఇంటిల్లిపాదీ అక్కడే. ఇది టీచరమ్మకు తెలుసు, సంస్థకూ తెలుసు. తెలియనిది డబ్బులిచ్చేవాళ్లకూ నాకూ. నేను ఆ పేజీ ఫొటో తీసి, డబ్బులిచ్చేవాళ్లు కూర్చున్న మీటింగ్‌లో తెర మీద వేశాను. సంస్థ కార్యదర్శికి ముందు ఒక్క మాట చెప్పలేదు. అదే నిష్పక్షపాతం అనుకున్నాను. ఆ సెంటర్ మూతపడింది, టీచరమ్మ పని పోయింది. ఆ తర్వాత ఏ సెంటర్‌కు వెళ్లినా రిజిస్టర్‌కు బదులు టీ ఇచ్చేవాళ్లు.

మీకు అది ప్రాజెక్టు, వాళ్లకు వచ్చే ఏడాది జీతం. పైగా రాసేవాళ్లు కూడా తక్కువ. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి ఆ విరాళాల్లోంచి ఆఫీసు సిబ్బంది జీతాల్లాంటి పరిపాలన ఖర్చులకు వాడుకునే పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. అట్లాంటి నిధులతో నడిచే ఒక చిన్న సంస్థలో పగలంతా కాలనీలు తిరిగిన మనిషే రాత్రి అన్నం తిన్నాక రిజిస్టర్ నింపడం నేను చూశాను.

తర్వాత మరో సంస్థతో పని మొదలుపెట్టేటప్పుడు ముందే ఒక కాగితం రాసుకున్నాం. డ్రాఫ్టు మొదట సంస్థకు వెళ్లాలి, చదవడానికి 15 రోజులు. అంకె తప్పైతే దిద్దుతాను, నచ్చలేదంటే మాత్రం తీసెయ్యను. వాళ్ల జవాబు మాత్రం రిపోర్టులోనే వేస్తాను. కింది సిబ్బంది పేర్లు, సెంటర్ల పేర్లు ఎక్కడా రావు. నచ్చకపోయినా తీసెయ్యనన్న మాట మీదే రెండు మీటింగులు వాదించుకున్నాం. డబ్బులిచ్చేవాళ్ల సంతకం కూడా తీసుకున్నాం, అది లేకపోతే ఆ కాగితం పొట్లాలు కట్టుకోడానికే. రిజిస్టర్‌లో "రాకపోతే ఎక్కడికి పోయారు" అని ఒక గడి కలిపాం. రెండు నెలల్లో అది నిండింది. గుంటలు, ఇటుకబట్టీ, అమ్మమ్మగారి ఊరు, మళ్లీ గుంటలు. హాజరేమీ పెరగలేదు. కానీ టీచర్‌ను గుంటల దగ్గరికే పంపితే ఎట్లా ఉంటుందని వాళ్లలో వాళ్లే మాట్లాడుకోవడం మొదలైంది.

ఏం కొలవాలో కూడా వాళ్లతో కూర్చునే తేల్చుకోండి. మన జిల్లాలోనే, అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రమంతా సారా బంద్. ఆ బడికి ఎవరైనా "ఎంతమంది సంతకం నేర్చుకున్నారు" అన్న ఒక్క ఫారం పట్టుకుని వెళ్లి ఉంటే ఏం రాసుకొచ్చేవాళ్లో ఆలోచించండి.

ఈసారి వెళ్లినప్పుడు రిజిస్టర్ ఊసెత్తకండి. మీ రిపోర్టు ఎవరెవరి చేతికి వెళ్తుందో, అంకెలు బాగా లేకపోతే ఏమవుతుందో ముందు మీ గైడ్‌ను అడిగి తెలుసుకుని, ఆ జవాబు వాళ్లకు చెప్పండి. ఆఫీసుకు కాదు, సాయంత్రం పిల్లలు వచ్చే వేళకు సెంటర్‌కే వెళ్లండి. మొదటి వారం పెన్ను జేబులోనే ఉంచండి.