రేడియోకు నివాళి రాయకు నాయనా

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

రేడియో మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటిసారి కోపంతో చదివాను, రెండోసారి మూడో పేజీ కోసం చదివాను. ఉత్తరమంతా "మేడమ్, మేడమ్" అని రాశావు. పెద్దమ్మా అంటే చాలు.

ముందు కోపం సంగతి. నువ్వు ఇంజనీరింగ్ మూడో ఏడాది చదివే పిల్లాడివి. నీ వ్యాసం నిండా తాతయ్య, ఆయన మర్ఫీ రేడియో, తెల్లవారుజామున ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూను, కాఫీ వాసన, చివర్లో అటక మీద దుమ్ముపట్టిన పెట్టె. ఆ కాఫీ నువ్వు తాగింది కాదు. నేను రాయాల్సింది నువ్వు రాసేశావు, నువ్వు రాయాల్సింది ఎవరూ రాయడం లేదు. నిన్నొక్కడినే అని లాభం లేదులే. ఏటా ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవం. జనవరి ఆఖర్లో ఆదివారం అనుబంధాల వాళ్ళకు ఉన్నట్టుండి రేడియోలో పనిచేసిన మేం గుర్తొస్తాం. "రేడియో జ్ఞాపకాలు కావాలండీ, కాస్త తడి ఉండాలి" అని ఫోను. ఒక ఏడాది జ్ఞాపకాలు పక్కనపెట్టి, ఇప్పటి ఎఫ్‌ఎమ్‌లో పాటలు ఎవరు ఎంచుతున్నారో రాసి పంపాను. "మా పాఠకులకు ఇవన్నీ పట్టవండీ" అని తిప్పి కొట్టాడు ఆ ఎడిటరు. ఆ వారం ఆయన వేసుకున్న పేజీలో ఇద్దరు తాతయ్యలు, రెండు మర్ఫీలు!

"యువత రేడియోను వదిలేసింది" అని మొదటి వాక్యంలోనే తీర్పు ఇచ్చేశావు. వదిలేయడం వాళ్ళకు కొత్తా? 1952లో కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో సినిమా పాటలకు తలుపులు మూశారు, శాస్త్రీయ సంగీతం వినండి అన్నారు. కుర్రకారు గమ్మున ముల్లు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు తిప్పేశారు. చూసి చూసి ఆకాశవాణి వాళ్ళే 1957 అక్టోబరు 3న సినిమా పాటలు వేసే వివిధభారతి పెట్టారు. ఇంగ్లండులో సముద్రం మీద ఓడల్లోంచి పాటలు వేసే దొంగ స్టేషన్ల వెంట పిల్లలు పడ్డారు. 1967లో చట్టం తెచ్చి వాటి పీక నొక్కారు. కానీ అదే ఏడు సెప్టెంబరులో బీబీసీ రేడియో వన్ మొదలుపెట్టి, ఆ ఓడల్లో మాట్లాడిన కుర్రాళ్ళనే పిలిచి మైకు ముందు కూర్చోబెట్టింది. వాళ్ళకున్న తెలివి అది.

చిత్తూరులో మా ఇంట్లో కడప కేంద్రం వినాలంటే సెట్టును పక్కకు తిప్పి పెట్టాలి. లోపల యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ సరైన దిక్కుకు తిరిగితేనే మాట తేటపడేది. రాత్రయితే మద్రాసు కేంద్రం వచ్చి దాని మీద పడేది. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమాల్లో అనౌన్సరు మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు కోసం షార్ట్‌వేవ్ గురగురలన్నీ ఓర్చుకునేవాళ్ళం. పాట ఎక్కడైనా దొరికేది, హోటల్లో, పెళ్ళి మైకులో. ఆ గొంతు మాత్రం అక్కడే.

నా పట్టుదల అదే, చాదస్తం అనుకున్నా సరే. ఫోనులో లక్షల పాటలున్నాక రేడియో ఎందుకు అంటావు. లక్షల పాటలున్నవాడికే, ఇదిగో ఇది విను అని చెప్పే మనిషి కావాలి. ఇవాళ చాలా ఎఫ్‌ఎమ్‌లలో ఆర్జేకు పాట మార్చే హక్కు లేదు. పాటల ముక్కలు కొన్ని సెకన్ల చొప్పున జనానికి వినిపించి మార్కులు వేయించుకుంటారు. ఎక్కువ మార్కులొచ్చినవాటినే సాఫ్ట్‌వేరు కొన్ని గంటలకొకసారి తిప్పి తిప్పి వేస్తుంది. పాటకీ పాటకీ మధ్య ఆ ఆర్జే పిల్లకు మాట్లాడడానికి దక్కేది నిమిషం కూడా ఉండదు, దానికి లింక్ అని పేరు. జనం మెచ్చిందే వేస్తున్నాం కదా అంటారు. ఫోనూ ఆ పనే చేస్తోంది, ఇంకా బాగా చేస్తోంది, డబ్బు కడితే బంగారం కొట్టు ప్రకటన కూడా ఉండదు. మరి పిల్లలు ఇటెందుకు వస్తారు?

ఒక ఆకాశవాణి కేంద్రంలో నేను క్యాజువల్ అనౌన్సరుగా, అంటే పిలిచిన రోజుకే పని ఉండేలా, చేశాను. ఏ ఊరో చెప్పను. కోరిన పాటల కార్యక్రమానికి కార్డులు కట్టలు కట్టలు వచ్చేవి. ఒక హాస్టల్ అబ్బాయి రాశాడు: "పరీక్ష పోయింది. ఇంటికి పోలేక ఇక్కడే ఉన్నాను. నాకే పాట కావాలో నాకు తెలియడం లేదు, మీరే ఏదో ఒకటి వేయండి." వేయాల్సిన పాటల వరుస రాసిన క్యూషీటులో ఉన్న విషాద గీతం తీసేసి ఒక హాస్యం పాట వేశాను. డ్యూటీ ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు. తర్వాతి నెల డ్యూటీ చార్టులో నా పేరు లేదు. అడిగితే "బడ్జెట్ లేదమ్మా" అన్నారు. బడ్జెట్టు నా ఒక్కదానికే అయిపోయింది! ఆ అబ్బాయి నుంచి ఇంకో కార్డు వచ్చింది: "ఆ పాట నాకు అస్సలు నచ్చలేదు. రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." ఇట్లాంటి జవాబు సాఫ్ట్‌వేరుకు ఎవరు రాస్తారు?

ఇక మూడో పేజీ. లీలామహల్ సర్కిల్ దగ్గర జ్యూస్ షాపాయన, గ్రిల్లుకు రాగి తీగ చుట్టి ఎఫ్‌ఎమ్ పట్టుకుంటాడని, ప్రకటన రాగానే బత్తాయి రసం కారే వేళ్ళతో సౌండు తగ్గించి, పాట రాగానే పెంచుతాడని, ఆ మీట మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయని రాశావు. అది నువ్వు కళ్ళతో చూసింది. మూడు వాక్యాల్లో తేల్చేసి మళ్ళీ తాతయ్య దగ్గరికి పరుగెత్తావు. నాకు ఒళ్ళు మండింది అక్కడే. ఆర్జే మాట్లాడేటప్పుడు ఆయన సౌండు ఏం చేస్తాడు? ఉంచుతాడా, తగ్గిస్తాడా? అక్కడ నిలబడి తాగే నీ ఈడు పిల్లల్లో ఒక్కరన్నా చెవి అటు పెడతారా? నీ వ్యాసం అక్కడుంది.

"ఫోనులో రేడియో ఉన్నా వినేవాడు లేడు" అన్నావు. ఫోనులో ఎఫ్‌ఎమ్‌కు ఇయర్‌ఫోను వైరే యాంటెన్నా. ఆ వైరు గుచ్చే రంధ్రమే లేని ఫోన్లు వస్తే వాడేం వింటాడు? ఫోన్లలో ఎఫ్‌ఎమ్ తీసేయొద్దని 2023లో కేంద్రం కంపెనీలకు సూచన పంపాల్సి వచ్చింది. నీ హాస్టల్లో వైరు ఇయర్‌ఫోన్లు ఎందరి దగ్గరున్నాయో చూశావా?

ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లకు వార్తల హక్కు లేక ఊరి సంగతులు లేవని వాళ్ళ తరఫున వకాల్తా కూడా పుచ్చుకున్నావు. సొంత వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్ మార్చకుండా వేసుకోవాలి, నిజమే. కానీ ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లకు కేంద్రం పెట్టిన 2011 విధానంలోనే ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగాలు, పండగలు వార్తల కిందికి రావని రాసుంది. ఎస్వీ, పద్మావతి విశ్వవిద్యాలయాలు, ఐఐటీ, ఐసర్ అన్నీ ఉన్న ఊరు మనది. గంగమ్మ జాతరలో ఒళ్ళంతా తెల్లగా పూసుకుని బైరాగి వేషం కట్టిన కుర్రాణ్ణి స్టూడియోకు పిలిచి, "ఈ అరగంట నీది, నీకు నచ్చిన పాటలు వెయ్యి, ఎందుకు నచ్చాయో చెప్పు" అంటే ఏ చట్టం అడ్డొస్తుంది?

ఏ పత్రికకు పంపాలి, ఎన్ని పేజీలుండాలి అని అడిగావు. అవి తర్వాత. తాతయ్యను మొత్తం తీసెయ్యి, ఆయనేం అనుకోడు. జ్యూస్ షాపులో సాయంత్రాలు కూర్చో, ఊరికే కాదు, ఏదో ఒకటి కొనుక్కుని తాగు. ఆయన ఎఫ్‌ఎమ్‌కు ఎప్పుడన్నా ఫోను చేశాడేమో అడుగు. చేసుంటే అవతల ఎవరు ఎత్తారు, ఏమన్నారు, అడిగిన పాట వేశారా, అంతా ఆయన మాటల్లోనే రాసుకో, ఆయన యాసను దిద్దొద్దు. తిరగరాశాక ఫోనులో పంపొద్దు, అక్షరాలు పెద్దవి పెట్టి ప్రింటు తీసుకురా. పక్కన జాగా వదులు, నేను గీతలు పెట్టాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం రావద్దు, పడుకుంటాను.

ఇట్లు,
పెద్దమ్మ