రోజూ చిన్న ఆస్పిరిన్ వేస్తే పెద్దవాళ్ళకి డిప్రెషన్ రాకుండా ఉంటుందా?

మీ నాన్నగారికి 72 ఏళ్ళు, బీపీ తప్ప వేరే జబ్బు లేదు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి వచ్చే వాపు, మంట లాంటిది) వల్ల డిప్రెషన్ వస్తుందని చదివి ఆస్పిరిన్ మొదలుపెడదామా అని అడిగారు. దానికోసమే అయితే వద్దండీ.

మీరు చదివినదాంట్లో నిజం లేకపోలేదు. డిప్రెషన్ ఉన్న కొందరి రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ని సూచించే సీఆర్‌పీ లాంటివి ఎక్కువగా కనిపిస్తాయి. హెపటైటిస్ సికి ఒకప్పుడు రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేటప్పుడు చాలామందికి డిప్రెషన్ వచ్చేది. అందుకే ఆస్పిరిన్ పనికొస్తుందేమోనని ఆస్ట్రేలియా, అమెరికాల్లో పరీక్షించి చూశారు. ఆస్ప్రీ అనే ఆ ట్రయల్‌లో 19 వేల మందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది 70 దాటినవాళ్ళే. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావాళ్ళకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఏళ్ళ తరబడి గమనించాక, 2020లో వచ్చిన ఫలితం ఏమిటంటే, డిప్రెషన్ విషయంలో రెండు గుంపులకీ తేడా లేదు. రక్తస్రావంలో మాత్రం తేడా వచ్చింది. పెద్ద రక్తస్రావాలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 2.8 శాతం మందికి జరిగితే ఆస్పిరిన్ వాళ్ళలో 3.8 శాతం మందికి.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మ మోకాళ్ళ నొప్పులకి చాలాకాలం ఐబుప్రోఫెన్ వాడింది. అదీ ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందే, అయినా ఆవిడకి డిప్రెషన్ వచ్చింది. (ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చలేం, అది వేరే మాట.) ఏడవలేదు, దిగులుగా ఉందని అనలేదు. ఆకలి లేదనేది, తెల్లవారుజామునే లేచి కూర్చునేది, ఫోన్ మోగినా తీసేది కాదు. వయసు మీద పడింది కదా అని ఇంట్లో అందరం అనుకుంటుంటే, డాక్టర్ ముందు థైరాయిడ్, బీ12 చూపించమన్నారు. తర్వాత సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు రాశారు. రాస్తూనే ఐబుప్రోఫెన్ ఆపించేశారు. ఆ రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుందట, పైగా ఆ వయసులో కిడ్నీలకీ బీపీకీ కూడా ఐబుప్రోఫెన్ మంచిది కాదు. నొప్పికి పారాసెటమాల్ ఇచ్చి ఫిజియోథెరపీకి పంపారు. కాళ్ళు కాస్త కదిలాక బయటికి వెళ్ళడం, నలుగురితో మాట్లాడటం మళ్ళీ మొదలయ్యాయి. మందు ఎంత పనిచేసిందో, నడక ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను గానీ, నన్నడిగితే ఆవిడని సగం కుంగదీసింది గడప దాటలేకపోవడమే.

అందుకని మీ నాన్నగారి విషయంలో మాత్ర కంటే ముందు నిద్ర, నొప్పులు, చెవులు సరిగా వినిపిస్తున్నాయా, రోజులో ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అన్నవి చూడండి. వినపడక మాటలు తగ్గించుకునే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు.

ఒక జాగ్రత్త. గుండెపోటు వచ్చిందనో స్టెంట్ వేశారనో డాక్టర్ ఆస్పిరిన్ రాసి ఉంటే ఆ లెక్క వేరు. అలాంటివాళ్ళు ఇది చదివి సొంతంగా ఆపేయకూడదు.