ఫీల్డ్ ట్రిప్‌లో సుత్తి కన్నా పెన్సిల్‌కే పని ఎక్కువ

"డ్రోన్ ఫొటోలు, త్రీడీ మోడళ్లు ఇన్ని వచ్చాక కూడా జియాలజీ డిగ్రీలో ఫీల్డ్ ట్రిప్పులు అంత అవసరమా? వెళ్తే అక్కడ ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు.

అవసరమే. ల్యాబ్‌లో మీ ముందు పెట్టే రాయిని ఎవరో ముందే ఏరి తెచ్చి, కడిగి, నంబరు వేసి ఉంచారు. ఫీల్డ్‌లో ఆ ఏరే పని మీది. కొండవాలులో ఏది కదలని బండ, ఏది పైనుంచి దొర్లి వచ్చి మట్టిలో కూరుకుపోయిన రాయి అని తేల్చుకోవడంతోనే పని మొదలవుతుంది. దొర్లిన రాయి మీద డిప్ (పొర ఎన్ని డిగ్రీలు వాలిందో) కొలిచి మ్యాప్‌లో వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. చుట్టుపక్కల పొరలన్నీ ఒక దిక్కుకు వాలి ఇదొక్కటే ఇంకో దిక్కు చూస్తుంటే, ముందు దాని అడుగు చూడండి. ఫాల్ట్ (రాళ్లు విరిగి జరిగిన చీలిక) గీయడం తర్వాత.

1788లో స్కాట్లండ్ భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ పడవ మీద వెళ్లి స్కాట్లండ్ తీరంలోని సిక్కార్ పాయింట్ చూశాడు. దాదాపు నిలువుగా లేచిన పాత గ్రేవాకీ (ముదురు రంగు గట్టి ఇసుకరాయి) పొరలు, కోతపడిన వాటి అంచుల మీద కొద్దిగా వాలిన ఎర్ర ఇసుకరాయి. ఆ రెండింటి ముక్కలూ తెచ్చి బల్ల మీద పెడితే అవి ఉత్త రెండు రాళ్లే. మధ్యలో గడిచిన కాలం కనబడేది అవి కలిసే గీత దగ్గరే. త్రీడీ మోడల్‌లోనూ ఆ గీత కనిపిస్తుంది, కాదనను. కానీ మోడల్‌ని గోటితో గీకలేరు, తడిపి చూడలేరు. వెళ్లేముందు రాత్రి దారీ తెన్నూ చూసుకోవడానికి మాత్రం అది బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడే చోటు ఒకటుంది. రోడ్డు కోసం తొలిచిన గోడ దగ్గర ముప్పై మంది దిగుతారు. రాయి సన్నని పలకలుగా చీలి, పలకలన్నీ ఒకే దిక్కుకు 60 డిగ్రీలు వాలి ఉంటాయి. కంపాస్ ఆనించడానికి అంత నున్నని తలం మళ్లీ దొరకదు కాబట్టి అందరూ ఎగబడతారు. పది నిమిషాల్లో పదిహేను రీడింగులు. సాయంత్రం మ్యాప్ మీద వేస్తే గీతలన్నీ ముచ్చటగా సమాంతరంగా వస్తాయి. తీరా క్రాస్ సెక్షన్ (నేలను నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గీస్తే పొర మందం అసాధ్యంగా పెరిగిపోతుంది, ఫోల్డ్ (పొరల మడత) జాడే ఉండదు. వాళ్లు రోజంతా కొలిచింది క్లీవేజ్‌ని. నొక్కుడుకు పలకల్లాంటి ఖనిజాలన్నీ ఒకే వరసలోకి తిరగడం వల్ల రాయి అలా చీలుతుంది. అసలు పొరలు ఆ పలకల్ని అడ్డంగా కోసుకుంటూ, 25 డిగ్రీల వాలుతో, మసకమసకగా ఉంటాయి.

వాటిని పట్టుకోవాలంటే గోడకు రెండడుగులు వెనక్కి జరగండి. రంగు పట్టీలు, రేణువుల సైజు మారే చోట్లు, సన్నని ఇసుక చారలు వెతకండి. సీసాలో నీళ్లు కొంచెం చల్లితే ఆ చారలు తేటపడతాయి. పొర, క్లీవేజ్ రెండూ దొరికాక రెండింటినీ వేరువేరు గుర్తులతో మ్యాప్‌లో వేయాలి. రెండూ ఒకే దిక్కుకు వాలి, క్లీవేజ్ ఎక్కువ నిటారుగా ఉంటే పొర మామూలుగానే ఉన్నట్టు. పొరే ఎక్కువ నిటారుగా ఉంటే అది తలకిందులైనట్టు. ఆ క్లీవేజ్ ఆ మడతతోపాటే పుట్టినదైతేనే ఈ సూత్రం పనిచేస్తుంది. అందుకే గ్రేడెడ్ బెడ్డింగో (ఒకే పొరలో రేణువుల సైజు కింది నుంచి పైకి మారడం) క్రాస్ బెడ్డింగో (పొర లోపలి ఏటవాలు చారలు) వెతికి సరిచూసుకోవాలి. గ్రేడెడ్ బెడ్డింగ్‌లో అడుగున ముతక, పైన సన్నం ఉంటే పొర సరిగ్గా ఉన్నట్టు.

ఇక కంపాస్. పొర ఉపరితలం గరుకుగా ఉంటే దాని మీద నోట్‌బుక్ అట్ట పరిచి, అట్ట మీద కొలవండి. బుడగ మధ్యకు వచ్చేదాకా తిప్పి స్ట్రైక్ (పొర మీద గీసిన సమతల గీత ఏ దిక్కుకో) చూసి, అదే అంచు వెంట పెన్సిల్ గీత గీసి, దానికి లంబంగా డిప్ కొలవాలి. వాలు ఎటో అనుమానంగా ఉంటే నీటి చుక్క వేయండి, అదే చెబుతుంది. ఒకే పొర మీద నాలుగైదు చోట్ల కొలవందే రీడింగ్ రాయొద్దు. సుత్తి నడుముకు వేలాడుతుండగా, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ చేతిలో ఉండగా తీసిన రీడింగ్‌ను నమ్మకండి. మాగ్నటైట్ ఎక్కువున్న రాళ్ల దగ్గర ముల్లే దారి తప్పుతుంది. డెక్లినేషన్ (అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా) కంపాస్‌లో ఒకసారి సరిచేసి, ఇంటికొచ్చాక మ్యాప్‌లో మళ్లీ కలిపేవాళ్లూ ఉన్నారు. జియాలజిస్టులు వాడే బ్రంటన్ కంపాస్ డయల్ మీద తూర్పు, పడమర తారుమారుగా ఉంటాయి. అది అచ్చుతప్పు కాదు. ముల్లు నిలిచి ఉంటే డయలే తిరుగుతుంది కాబట్టి అలా ముద్రించారు.

రీడింగ్ ఉత్తినే 120/35 అని రాస్తే అది స్ట్రైకా, డిప్ దిక్కా? ఒకరు ఇలా, ఇంకొకరు అలా చదివితే తేడా 90 డిగ్రీలు. నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఏ పద్ధతో రాసి పెట్టుకోండి.

నోట్‌బుక్‌లో ప్రతి చోటికీ నంబరు, కోఆర్డినేట్లు, రాయి వర్ణన, స్కేలూ దిక్కూ వేసిన బొమ్మ ఉండాలి. చూసింది ఒకవైపు, దాన్నిబట్టి అనుకున్నది ఇంకోవైపు. బాల్ పెన్ను వాడొద్దు, వాన చినుకు పడితే తడి కాగితం మీద పనిచేయదు. మ్యాప్ మీదైతే గట్టి పెన్సిల్. 1:10,000 మ్యాప్‌లో మిల్లీమీటరంటే పది మీటర్లు, మొద్దుబారిన మొన చాలు సరిహద్దును పొలం అవతలికి నెట్టడానికి. కళ్లారా చూసిన సరిహద్దుకు నిండు గీత, ఊహించినదానికి తెగిన గీత. మొత్తం నిండు గీతలతో నిండిన విద్యార్థి మ్యాప్ కనిపిస్తే అనుమానించాల్సిందే. కానీ చాలాచోట్ల మార్కులు పడేది ఆ అందానికే. హాస్టల్ గదిలో తిరగరాసిన ఫెయిర్ కాపీకి మార్కులేసి, మరకలతో ఉన్న అసలు పుస్తకాన్ని పక్కన పడేస్తే విద్యార్థులు ఇంకేం నేర్చుకుంటారు? రోజుకు ఎనిమిది చోట్ల బస్సాపి, ముందు వరసలో ఐదుగురికే వినిపించేలా పాఠం చెప్పడం కూడా ఈ కోవలోదే. రెండు చోట్లు చాలు, ఒక్కో చోట మూడేసి గంటలు.

యాసిడ్ అంటే పది శాతం హైడ్రోక్లోరిక్, చిన్న డ్రాపర్ సీసాలో. సున్నపురాయి వెంటనే పొంగుతుంది, డోలమైట్ గీకి పొడి చేస్తేగానీ సరిగా పొంగదు. పొంగిందల్లా సున్నపురాయి అనుకోకండి, కాల్సైట్‌తో అతుక్కున్న ఇసుకరాయి కూడా పొంగుతుంది. లెన్స్ 10 రెట్లది. లెన్స్‌ని కంటికి ఆనించి రాయిని దగ్గరికి తెచ్చుకోవాలి. చాచిన చేత్తో డిటెక్టివ్‌లా పట్టుకుంటే ఏమీ కనబడదు.

సుత్తి చివరన. ఒక సుత్తిని ఇంకో సుత్తితో కొట్టొద్దు, గట్టి ఉక్కు పెళుసుగా చిట్లి ముక్క కంట్లోకి ఎగురుతుంది. గాగుల్స్ లేకుండా కొట్టనే కొట్టొద్దు. అందరూ చూసే మంచి బొమ్మలాంటి మడతనో శిలాజాన్నో పగలగొట్టకండి, కింద రాలిన ముక్కలు సరిపోతాయి. శాంపిల్ పిడికిలంత ఉంటే చాలు, బయటి పాచిపట్టిన పొర పోయి తాజా ముఖం కనబడాలి. నంబరు రాయి మీదా రాయండి, సంచి మీదా రాయండి. సంచిలో వేసిన కాగితం చీటీ రాళ్ల మధ్య నలిగి దారిలోనే పొడైపోతుంది. నంబరు లేని రాళ్లను బస్సు ఎక్కకముందే అక్కడే వదిలేయండి.