కుందేలుకు పెరుగన్నం పెట్టవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఆడ కుందేలుకు రెండేళ్లు, బరువు రెండు కిలోలు. తరచూ కడుపు పాడవుతోంది. మామూలు పెంటికలతో పాటు నల్లని, జిగట మలం వేస్తోంది. అది వెనుక బొచ్చుకు అంటుకుంటోంది. అయినా చురుకుగానే ఉంటోంది. గుళికల దాణా, క్యారెట్, అరటిపండు ఇష్టంగా తింటుంది. పిల్లలు బిస్కెట్లు పెడతారు. చలువ చేస్తుందని మా అత్తయ్య పెరుగన్నం పెడుతున్నారు. ఒక రోజు పస్తు ఉంచితే తగ్గుతుందా?

జవాబు: పస్తు మాత్రం ఉంచకండి. లంఖణం పరమౌషధం అన్నది మన కడుపుకు సరిపోతుందేమో గానీ కుందేలుకు ప్రాణం మీదికి వస్తుంది. పీచు లోపలికి వెళ్తూ ఉంటేనే దాని పేగులు కదులుతాయి. మేత ఆగితే కదలిక మందగించి గ్యాస్ చేరుతుంది. ఆ నొప్పితో అది తినడం మానేస్తుంది, తినకపోవడంతో పేగులు ఇంకా మొద్దుబారతాయి. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు.

మీరు రాసినదాన్ని బట్టి ఇవి విరేచనాలు కాకపోవచ్చు. కుందేలుకు మలం రెండు రకాలు. ఒకటి గుండ్రని పొడి పెంటికలు. రెండోది అంధనాళం అనే పేగు సంచిలో మేత పులిసి తయారయ్యే మెత్తని ముద్దలు. చిన్న ద్రాక్షగుత్తిలా ఉండే వీటిని కుందేలు మలద్వారం దగ్గరే నోటితో అందుకుని తినేస్తుంది. చూసేవారికి అసహ్యంగా ఉన్నా ఆపకూడదు, ప్రొటీన్లు, బి విటమిన్లు అందులోనే ఉంటాయి. తీపి, పిండిపదార్థాలు ఎక్కువైతే అంధనాళంలోని సూక్ష్మజీవుల సమతుల్యం చెడి ఆ ముద్దలు జిగటగా మారతాయి. కుందేలు వాటిని తినకుండా వదిలేస్తుంది, బొచ్చుకు అంటుకునేది అదే. ఒళ్లు చేసి వెనక్కి వంగలేకపోయినా, పళ్ల నొప్పి ఉన్నా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఒకసారి పరీక్ష చేయించండి.

మీ అత్తయ్యగారు ప్రేమతోనే పెడుతున్నారు, కాదనను. కానీ అన్నం పిండిపదార్థం, ఎదిగిన కుందేళ్లకు పాల పదార్థాలు సరిపడవు. పెరుగన్నం, బిస్కెట్లు, అరటిపండు, క్యారెట్ ఈ రోజే ఆపేయండి.

దీనికి అసలు మందు గడ్డి. మేతలో కనీసం 80 శాతం అదే ఉండాలి, రోజూ కుందేలంత కుప్ప దాని ముందు ఉండాలి. ఎండుగడ్డి కొనండి, లేదా గరిక కోసి నీడలో ఆరబెట్టండి. మన దగ్గర తేలిగ్గా దొరికే వరిగడ్డిలో పోషకాలు తక్కువ, అదొక్కటే చాలదు. పత్తి చేల గట్ల మీది గడ్డి మాత్రం వద్దు. పురుగుమందు చల్లిన చేను పక్క గడ్డితో కుందేలు చనిపోవచ్చు. గుళికల దాణా రోజుకు 40 నుంచి 50 గ్రాములు మించకూడదు. గడ్డి బాగా తినడం అలవాటయ్యాక రెండు వారాల్లో మెల్లగా అందులో సగానికి తగ్గించండి. మలం కుదుటపడ్డాక కొత్తిమీర, పుదీనా వంటి ఆకులు ఒక్కొక్కటిగా, కొన్ని రోజుల తేడాతో పెట్టి చూడండి. పాలకూర రోజూ వద్దు. నీళ్లు గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది.

వెనుక భాగాన్ని రోజూ చూడండి. మలం అంటితే గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. లేకపోతే, ముఖ్యంగా వానాకాలంలో, ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. అది చాలా వేగంగా ముదురుతుంది.

పది పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా, నీళ్ల విరేచనాలైనా, మూలన ముడుచుకుని పళ్లు కొరుకుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మీకు దగ్గర్లో మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. కుందేళ్లకు వైద్యం చేసేవారు ఎక్కడున్నారో అవసరం రాకముందే అక్కడ అడిగి తెలుసుకోండి. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలు అసలు వేయకండి. నోటి ద్వారా ఇస్తే మేలు చేసే సూక్ష్మజీవులు నశించి కుందేలు చనిపోవచ్చు. వెళ్లేటప్పుడు తాజా మలం కొంచెం, దాణా సంచి మీది వివరాల ఫొటో తీసుకెళ్లండి.