ఇసుకలో పడుకున్న చేపను లేపకు

చిరంజీవి తల్లికి,

బరంపురం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. కొత్త చేపను ఉప్పునీళ్ళ ట్యాంకులో వదిలిన గంటకే మాయమైందని, రెండు రోజులైనా జాడ లేదని, ఇక గరిటె పెట్టి ఇసుక తవ్వేస్తానని అన్నావు. తవ్వకు తల్లీ. నీ పసుపు ర్యాస్, ఇసుకలో దూరే రకం సముద్రపు చేప కదా, ఇసుక కింద పడుకుని ఉందనే నా నమ్మకం.

నా మొదటి చేపను అలా తవ్వే పోగొట్టుకున్నాను. మూడో రోజు ఆత్రం ఆగక వేళ్ళతో ఇసుక కెలికితే, బాణంలా పైకి లేచి అద్దానికి కొట్టుకుంది. మూతికి దెబ్బ తగిలి మేత ముట్టలేదు. వారం తిరక్కుండానే పోయింది. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు, నీకు నేనున్నాను.

ఈ రకానికి రాత్రి పడకా ఇసుకే, పగలు బెదిరితే దాక్కునే చోటూ ఇసుకే. కొత్తగా వచ్చిన చేపకి ఇంకో చిక్కుంది. ఇవి ఎక్కువగా ఇండోనేషియా వైపు సముద్రాల్లో పట్టినవి. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున దోనెలు వదులుతూ, పాతకాలం ఒడిశా వర్తకులు ఓడల్లో వెళ్ళేవారని మనం తలుచుకునే ఆ బాలి అక్కడిదే. ఆ దీవిలో గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. చేప ఒంట్లో ఇంకా అక్కడి పొద్దే నడుస్తుంది. మనకి సాయంత్రం నాలుగైతే దానికి చీకటి పడినట్టే. మన తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే ట్యాంకులో లైటుండదు, మళ్ళీ దూరిపోతుంది. మన వేళలకి అలవాటు పడడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పైన పడుతుంది. అందుకే లైటు రోజూ ఒకే వేళకి వెలగాలి, ఒకే వేళకి ఆరాలి. చేత్తో వేస్తే ఒకరోజు ముందూ ఒకరోజు వెనకా అవుతుంది, టైమర్ పెట్టు. చుట్టాలొచ్చారని రాత్రిపూట టార్చి వేసి చూపించకు.

చచ్చిపోయిందేమోనని అనుమానం మరీ పీకుతుంటే నీళ్ళకి అమ్మోనియా టెస్టు చెయ్యి, చచ్చిన చేప కుళ్ళితే అది పెరుగుతుంది. అది పెరగకుండా, నత్తలూ హెర్మిట్ పీతలూ ఒకే చోట మూగకుండా ఉంటే ధైర్యంగా ఉండు.

ఇక దాని పడక సంగతి. ఇసుక మూడు అంగుళాల లోతుండాలి, అరగొనైట్ అనే మెత్తని సున్నపు ఇసుక అయితే మంచిది. గరుకు పగడపు ముక్కలు వేస్తే రోజూ దూరే ఒంటికి గీతలు పడి పుండ్లవుతాయి. ట్యాంకంతా పరవలేకపోతే గాజు గిన్నె నిండా ఇసుక పోసి ఓ మూల పెట్టు, అదీ చాలు. ఊరికే వస్తుంది కదా అని గోపాల్‌పూర్ బీచ్ ఇసుక మాత్రం తేకు. ఛత్రపురం దగ్గర తీరపు ఇసుకలోంచే ఇల్మనైట్, మోనజైట్ లాంటి లోహపు ఖనిజాలు తీస్తారని నీకు తెలుసు, అలాంటి ఇసుక చేపల ట్యాంకుకి వద్దు. పైగా అందులో ఏ మురికి కలిసిందో చూసి చెప్పలేం. పైన నెట్ మూత తప్పనిసరి, ఇవి బెదిరితే ఎగిరి నేల మీద పడతాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది లైటు ఆరడానికి అరగంట ముందే ఆట మానేస్తుంది. రాయి పక్కన తన చోటికి వచ్చి, ఒక్క క్షణం కదలకుండా నిలబడి, తల వంచి ఒళ్ళంతా ఒక్క జలదరింపుతో లోపలికి పోతుంది. పిడికెడు ఇసుక లేచి సర్దుకునేసరికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. పొద్దున ముందు మూతి, తర్వాత ఒక కన్ను. ఆ కన్ను అటూ ఇటూ తిరిగి అంతా చూసుకున్నాకే ఒళ్ళు బయటికొస్తుంది. ఎన్నేళ్ళయినా కాఫీ గ్లాసు పట్టుకుని ఆ కన్ను కోసం ఎదురు చూస్తూనే ఉన్నాను.

ఆదివారం బస్సుకి పర్లాకిమిడి వస్తున్నాను, దాని మేతకి మైసిస్ అనే చిన్న రొయ్యలు ఐసు డబ్బాలో తెస్తాను. ఈలోగా అది మూతి బయటపెడితే ఏ టైముకో కాయితం మీద రాసి ఉంచు. లైటు వేళలు దాన్ని బట్టి సర్దుదాం.

మీ పెద్దమ్మ