లైట్లు అయిపోయిన చోటే ఏమీ కనపడదు, ఎందుకు?

ప్రశ్న: సార్ నమస్తే. నెలకి రెండు మూడు సార్లు రాత్రిపూట హైదరాబాద్ నుంచి కోదాడకి నేనే కారు నడుపుకుంటూ వస్తుంటా. ఊళ్ల దగ్గర, ఫ్లైఓవర్ల దగ్గర లైట్లు ధగధగలాడుతుంటాయి, అది దాటగానే కళ్లకి గంతలు కట్టినట్టు అయిపోతుంది. మొన్న అలాగే దాటాక వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ కనపడేసరికి దాదాపు దాని మీదికే వెళ్లిపోయా. హైవే మొత్తం లైట్లు పెట్టేస్తే పోయేదానికి ఎందుకీ తిప్పలు? మా బావేమో పాత పసుపు లైట్లే నయం, ఎల్ఈడీలొచ్చి కళ్లు పోగొడుతున్నాయి అంటాడు.
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: మీ కళ్లకి ఏం కాలేదు, కంగారు పడకండి. వెలుతురు నుంచి చీకట్లోకి పోతే కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, సినిమా హాల్లోకి లేటుగా వెళ్లి సీటు కోసం తడుముకోవడం గుర్తు తెచ్చుకోండి. 80 స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, అంటే కన్ను తేరుకునే లోపే ఎంత దూరం పోతామో చూడండి. అందుకే సరిగ్గా డిజైన్ చేసిన చోట లైట్లు ఒక్కసారిగా ఆపెయ్యరు, చివర్లో కొన్ని స్తంభాలకి తక్కువ వాట్ల లైట్లు వేసి మెల్లగా తగ్గిస్తారు. మన దగ్గర చాలాచోట్ల ఊరి పొలిమేర దాకా ఫుల్లు, తర్వాత నిల్లు.

హైవే మొత్తం పెట్టడం అంటే కరెంటు బిల్లు, మెయింటెనెన్సు మామూలుగా ఉండవు, అందుకే జంక్షన్లు, ఊళ్లు, టోల్ గేట్ల దగ్గరే పెడతారు. పైగా ఎక్కువ వెలుతురు ఉంటే చాలదండీ, సమానంగా ఉండాలి. ఐఎస్ 1944 అని మన ప్రమాణం ఒకటుంది, ముఖ్యమైన రోడ్లకి సగటున 30 లక్స్ (వెలుతురు కొలిచే యూనిట్) వెలుతురు, ఎక్కడా సగటులో 40 శాతం కంటే తగ్గకూడదు అంటుంది. స్తంభానికీ స్తంభానికీ 30 మీటర్లుంటే మధ్యలో ఒక్కటి ఆరిపోయినా 60 మీటర్లు మసకే, దాంట్లో నిలబడ్డ మనిషి కనపడడు.

ఇక మీ బావగారి మాట సగం నిజం. ఆ పాత పసుపు లైటు, అంటే సోడియం లైటు కింద ఎరుపు, గోధుమ రంగు, బూడిద రంగు అన్నీ ఒకేలా కనపడతాయి, ఎల్ఈడీ కింద రంగులు తెలుస్తాయి, ఆ లెక్కన ఎల్ఈడీయే మేలు. కళ్లలో గుచ్చుకునేది మరీ నీలం కలిసిన తెలుపు, ఇంకా ముఖ్యంగా ఫిట్టింగు పైకి వంచి బిగించడం, రోడ్డు మీద పడాల్సిన వెలుతురు మన మొహాన పడుతుంది. వయసు పైబడిన వాళ్లకి, శుక్లాలున్న వాళ్లకి ఈ గ్లేర్ ఇంకా ఎక్కువ. పొగమంచులో పసుపు లైటు బాగా దూసుకుపోతుందనేది మాత్రం పెద్దగా నిజం కాదు, మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. డిమ్‌లో హెడ్‌లైటు చూపించేది 50, 60 మీటర్లు, 80 స్పీడులో చూసి బ్రేకేసి ఆగడానికి మాత్రం 120 మీటర్ల దాకా కావాలి. కాబట్టి లైట్లు అయిపోతున్నాయి అనగానే ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యండి. ఎదురు బండి లైట్ల వైపు చూడకుండా ఎడమ పక్క తెల్ల గీత పట్టుకోండి. డ్యాష్‌బోర్డు స్క్రీను కూడా తగ్గించుకోండి, అది ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న: డివైడర్ మీద గన్నేరు మొక్కల బదులు అక్కడా లైట్లే పెట్టొచ్చుగా?
– ఒక పాఠకురాలు, నకిరేకల్

జవాబు: అవి అందానికే కాదమ్మా, ఎదురొచ్చే లారీల హెడ్‌లైట్లు మన కళ్లలో పడకుండా అడ్డు. యూటర్న్ దగ్గర మాత్రం వాటిని పొట్టిగా కత్తిరించాలి, లేకపోతే తిరిగే బండి మనకి కనపడదు. ఎక్కడైనా యూటర్న్ దగ్గర ఏపుగా పెరిగిపోయి ఉంటే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి చెప్పండి, కిలోమీటరు రాయి నంబరు చూసి పెట్టుకుంటే వాళ్లకి చోటు తేలిగ్గా దొరుకుతుంది.