బ్లడ్: ది లాస్ట్ వాంపైర్ (2000): మీ కాపీ కట్ అవ్వలేదు

ఈ జపనీస్ యానిమేషన్ సినిమాని సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది అసంపూర్ణం అంటున్నారు, మీకేమో డీవీడీలో 46 నిమిషాలకే అయిపోయింది, అందుకే సీన్లు కట్ అయ్యాయేమో అని మీ అనుమానం. అసలు నిడివే దాదాపు 48 నిమిషాలు. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని పాల్ (PAL, యూరప్ లాంటి చోట్ల వాడిన టీవీ పద్ధతి) డీవీడీ కోసం 25 ఫ్రేముల వేగంతో నడిపిస్తే నిడివి 4 శాతం తగ్గి 46 అవుతుంది. సీన్లేవీ పోలేదు.

గొడవంతా కథ దగ్గరే. రాక్షసుల్ని వేటాడే కథానాయిక సయా ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో సినిమా చెప్పదు. కథ కోసం కూర్చున్నవాళ్లకి అది మొదటి ఎపిసోడ్‌లా అనిపిస్తుంది, ఆ మాటలో న్యాయముంది. కానీ చివర్లో చావబోతున్న రాక్షసి నోట్లో సయా తన రక్తం చుక్కలుగా వదులుతుంది చూడండి, ఆమెకీ ఆ రాక్షసులకీ ఉన్న బంధం మొత్తం అక్కడే ఉంది. తర్వాత వచ్చే వియత్నాం యుద్ధ దృశ్యాలు కూడా ఊరికే పెట్టలేదు. కథ జరిగేది ఆ యుద్ధం నడుస్తున్న 1966లో, జపాన్‌లోని యొకోటా అమెరికన్ వైమానిక స్థావరంలో.

డబ్బింగ్ వెతక్కండి, మాటలు ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే రాసుకున్నారు. జపనీస్ డైలాగులకి సబ్‌టైటిల్స్ ఆన్ చేసి, గదిలో లైట్లార్పి చూడండి, చీకటి సీన్లే ఎక్కువ. వివరమైన కథే కావాలంటే 50 ఎపిసోడ్ల టీవీ సిరీస్ బ్లడ్+ ఉంది, అయితే అందులో సయా కథ వేరు.